పులిసేదాకా ఆగేదెట్లా?

ఇంట్లో మొదటిసారి బీరు కాచేవాళ్లకు అన్నిటికన్నా కష్టమైన పని, ఏ పనీ చేయకుండా ఉండటం. మాల్టును, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, వేడినీళ్లలో నానబెట్టడం, వడగట్టడం, ఆ రసాన్ని గంటసేపు మరిగించి చేదు కోసం హాప్స్ వేయడం, గబగబా చల్లార్చడం... ఆదివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటేసరికి అంతా అయిపోతుంది. ఇరవై లీటర్ల రసాన్ని బకెట్లో పోసి, పదకొండు గ్రాముల ఈస్ట్ పొట్లం చల్లి, మూత బిగించి, మూతకున్న రంధ్రంలో నీళ్లు నింపిన చిన్న ప్లాస్టిక్ గొట్టం గుచ్చుతారు. దాన్ని ఎయిర్‌లాక్ అంటారు. లోపలి గ్యాస్ బుడగలుగా బయటికి పోవాలి, బయటి గాలి లోపలికి రాకూడదు. అది గుచ్చాక ఓ రెండు వారాలు మనిషితో పని లేదు.

సోమవారం పొద్దున లేచి చూస్తే బుడగ లేదు. మధ్యాహ్నం చూసినా లేదు. రాత్రి ఫోన్ లైటు వేసుకొని మరీ చూస్తారు. మంగళవారం మొదలవుతాయి ఫోన్లు. "బావా, ఇంకా బుడగలొస్తలేవు. ఈస్ట్ చచ్చిపోయిందా ఏంది?" అవతలి బావకు కాస్త అనుభవం ఉంటే ఒక్కటే అడుగుతాడు: "మూత తీసినవా?"

తీసే ఉంటాడు.

ఇలాంటి ఫోన్లు డాలస్ నుంచి న్యూజెర్సీకి నిర్భయంగా పోవచ్చు. అమెరికాలో సొంతానికి బీరు కాచుకునే హక్కు 1978లో వచ్చింది. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆ అక్టోబరులో సంతకం చేసిన చట్టం ప్రకారం ఇంట్లో ఒక్క పెద్దమనిషి ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా కాచుకోవచ్చు. అమ్మకూడదు, అంతే. అక్కడా అన్ని రాష్ట్రాలు ఒకేసారి తలూపలేదు. మిసిసిపి, అలబామా ఒప్పుకునేసరికి 2013 అయ్యింది. బ్రిటన్‌లో లైసెన్సు బెడద 1963లోనే పోయింది. మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం. అమ్మకానికి కాదు, ఇంటికేనన్నా చెల్లదు. కాబట్టి బోధన్‌లో బకెట్ పెట్టి బుడగల కోసం చూసేవాళ్లుంటే, బుడగల కంటే ముందు వాళ్లు దిగులు పడాల్సింది ఎక్సైజ్ జీపు గురించి.

అయినా పులియడం గురించి, దానికి పడే ఆరాటం గురించి చెప్పుకోవాలంటే నిజామాబాద్ జిల్లాను మించిన చోటు దొరకడం కష్టం. ఇక్కడ చెరుకు ఉంది, కల్లు ఉంది, జొన్న ఉంది. మూడూ పులుస్తాయి. ఒకటి పులిస్తే రైతు మునుగుతాడు, ఇంకొకటి పులవకపోతే గిరాకీ ఉండదు. మూడోదాని గురించి చివర్లో చెప్పుకుందాం.

గంటల లెక్క

మంజీరా మీద నిజాంసాగర్ ప్రాజెక్టు 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ నీళ్లు వచ్చాక బోధన్, బాన్సువాడ, వర్ని, రుద్రూర్ భూముల రూపే మారిపోయింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డ ఊళ్లకు 'క్యాంపు' అనే తోక నేటికీ ఉంది. 1937లో నిజాం ప్రభుత్వం బోధన్ పక్కన చక్కెర ఫ్యాక్టరీ పెట్టింది. దాని చుట్టూ లేచిన ఊరే శక్కర్‌నగర్. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన ఫ్యాక్టరీ అది. రుద్రూర్‌లో చెరుకు పరిశోధన కేంద్రం, నిజామాబాద్ దగ్గర సారంగాపూర్‌లో సహకార చక్కెర ఫ్యాక్టరీ, క్రషింగ్ సీజన్‌లో రోడ్ల వెంట బారులు తీరిన ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు... రెండు తరాల పాటు ఈ ప్రాంతం క్యాలెండర్‌ను చెరుకే నడిపింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర బండి మీద నిద్రపోయిన రైతును అడిగితే చెబుతాడు, ఆరాటమంటే ఏమిటో. చెరుకు కొట్టిన క్షణం నుంచి గడియారం తిరుగుతుంది. ఇరవై నాలుగు గంటల్లో గానుగలో పడాలి. ఆలస్యమైతే రెండు నష్టాలు. ఒకటి, చెరుకు ఆరిపోయి తూకం తగ్గుతుంది. రెండోది కంటికి కనిపించదు. కొట్టిన కొసల నుంచి సూక్ష్మజీవులు లోపలికి దూరి చక్కెరను తినడం మొదలుపెడతాయి. చక్కెర రికవరీ పడిపోతుంది.

ఆ సూక్ష్మజీవుల్లో పేరుమోసిన దొంగ ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లోని బీట్ చక్కెర మిల్లుల్లో తొట్లలో, గొట్టాల్లో కప్పగుడ్ల లాంటి జిగురు పేరుకుపోయేది. దాని వెనుక ఉన్నది ఈ బ్యాక్టీరియాయేనని 1878లో తేల్చారు. చక్కెరను విరగ్గొట్టి డెక్స్‌ట్రాన్ అనే జిగురు తయారుచేయడం దాని పని. డెక్స్‌ట్రాన్ చేరిన రసం చిక్కబడి వడపోతకు లొంగదు. పాన్‌లో చక్కెర పలుకు కట్టడం ఆలస్యమవుతుంది. కట్టినా బలిసిన ఘనంలా కాకుండా సన్నగా, పొడుగ్గా సూదిలా సాగుతుంది. అలాంటి పలుకులు వచ్చాయంటే చెరుకు ఎక్కడో ఎండలో ఎక్కువసేపు నిలబడిందని ల్యాబ్‌లో ఉన్నవాళ్లకు అర్థమైపోతుంది.

అదే ల్యూకోనోస్టాక్ శక్కర్‌నగర్ క్వార్టర్స్ వంటింట్లో ఇడ్లీ పిండిని పొంగించేది. ఇడ్లీ పిండి మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్తలకు మొదటగా కనిపించే బ్యాక్టీరియాల్లో అదొకటి. మినప్పప్పు, బియ్యం వెంటే వస్తుంది, గ్యాస్ విడుస్తుంది, పులుపు ఇస్తుంది. భర్త డ్యూటీలో దాన్ని తిట్టుకుంటుంటే, భార్య జనవరి చలిలో అది ఇంకా లేవలేదని పిండిగిన్నెను పొయ్యి పక్కకు జరుపుతుంది.

చక్కెర తీసేశాక మిగిలే నల్లటి మడ్డి, మొలాసిస్. దాంట్లోనూ దాదాపు సగం చక్కెరే, కాకపోతే ఇక పలుకు కట్టదు. దాన్ని నీళ్లతో పలచన చేసి ఈస్ట్ కలిపితే ఆల్కహాల్ అవుతుంది. శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీతో పాటు డిస్టిలరీ కూడా ఉండేది. మొలాసిస్ పులియడానికి వారాలు పట్టవు, ఒకటిన్నర రోజు చాలు. ముప్పై డిగ్రీలు దాటిన వేడిలో ఈస్ట్‌ను పరుగులు పెట్టిస్తారు. టన్ను మొలాసిస్ నుంచి రెండు వందల ఇరవై లీటర్లకు పైగా ఆల్కహాల్ వస్తుంది. ఆ తొందరలో ఈస్ట్ వదిలే చెడు వాసనల్లో చాలావాటిని ఆ తర్వాత బట్టీలో వేరుచేస్తారు కాబట్టి అక్కడ తొందర చెల్లుతుంది. బీరుకు బట్టీ లేదు. ఈస్ట్ ఏది వదిలితే అదే గ్లాసులోకి వస్తుంది. మొదటిసారి కాచేవాళ్లు ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం తప్పులు చేయరు.

పులియడమంటే అసలేమిటన్న ప్రశ్నకు జవాబు దొరికిందీ చక్కెర పండించే ఊరి దిగులు నుంచే. 1856లో ఉత్తర ఫ్రాన్స్‌లోని లీల్ పట్టణంలో బిగో అనే వ్యాపారి బీట్ రసం నుంచి ఆల్కహాల్ తీసేవాడు. కొన్ని తొట్లు చక్కగా పులిసేవి, కొన్ని పుల్లగా పాడైపోయేవి. కొడుకు చదివే కాలేజీలో రసాయనశాస్త్ర ప్రొఫెసర్ ఉన్నాడని తెలిసి వెళ్లి మొరపెట్టుకున్నాడు. ఆ ప్రొఫెసర్ లూయీ పాశ్చర్. ఆయన మైక్రోస్కోప్ పట్టుకొని తొట్ల చుట్టూ తిరిగాడు. మంచి తొట్టిలో గుండ్రటి ఈస్ట్ కణాలు, చెడిన తొట్టిలో అంతకన్నా చాలా చిన్న కడ్డీల్లాంటివి కనిపించాయి. పులియడం ప్రాణుల పని అని అక్కడి నుంచే తీగ లాగాడు. బీరు మీద ఆయన పుస్తకం 1876లో వచ్చింది. కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ బ్రూవరీలో ఎమిల్ హాన్సెన్ 1883లో ఒక్క ఈస్ట్ కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ను పెంచి చూపించాడు. ఈనాడు పొట్లంలో వచ్చే ఈస్ట్‌కు మూలం ఆ పనే. అంతకుముందు వేల ఏళ్లు బీరు కాచినవాళ్లందరూ తమ తొట్టిలో ఎవరు పనిచేస్తున్నారో తెలియకుండానే కాచారు.

బకెట్ లోపల ఏం జరుగుతోంది?

ఇప్పుడు ఆ బుడగ రాని బకెట్ దగ్గరికి పోదాం.

ఈస్ట్‌ను రసంలో చల్లగానే అది ఆల్కహాల్ చేయడం మొదలుపెట్టదు. ముందు రసంలో కరిగి ఉన్న ఆక్సిజన్ పీల్చుకొని, కణాల పొరలు గట్టిపరచుకొని, సంతతిని పెంచుకుంటుంది. ఈ దశలో బయటికి ఏమీ కనిపించదు. సాధారణంగా సగం రోజు నుంచి ఒక రోజు. రసం చల్లగా ఉన్నా, ఈస్ట్ పాతబడినా మూడు రోజుల దాకా పట్టొచ్చు, అదీ మామూలే. ఒక్కోసారి లోపల పని జోరుగా సాగుతున్నా బుడగ రాదు. మూత సరిగ్గా బిగించకపోతే గ్యాస్ పక్కనుంచి పోతుంది. ఎయిర్‌లాక్‌ను నమ్ముకొని కంగారుపడేవాళ్లలో చాలామంది కథ ఇంతే: బీరు బాగానే ఉంటుంది, మూతే వదులు.

రెండో రోజో మూడో రోజో నురగ లేస్తుంది. మొదటిసారి చూసేవాళ్లకు అది దడ పుట్టిస్తుంది. తెల్లగా, ముద్దుగా ఉండదు. మురికి గోధుమరంగులో, పైన నల్లటి చారలతో, బకెట్ గోడలకు అంటుకుపోయి ఉంటుంది. హాప్స్‌లోని జిగురు, ప్రొటీన్లు, ఈస్ట్ కలిసి పైకి తేలిన మడ్డి అది. కొన్ని రకాల ఈస్ట్‌లు కుళ్లిన గుడ్ల వాసన కూడా వేస్తాయి. గంధకం వాసన. గ్యాస్‌తో పాటే కొద్ది రోజుల్లో వెళ్లిపోతుంది. ఈ దశలో బకెట్‌ను మోరీలో పారబోసినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్లు పారబోసింది మంచి బీరు.

ఐదో రోజుకు బుడగలు తగ్గుతాయి, నురగ కిందికి దిగుతుంది. ఇప్పుడు రెండో భయం: ఆగిపోయిందా? లేక అయిపోయిందా? రుచి చూస్తే పచ్చి ఆపిల్ వాసన. ఎసిటాల్డిహైడ్ అనే పదార్థం అది, ఆల్కహాల్ కావడానికి ముందు మెట్టు. ఒక్కోసారి వెన్న వాసన, దాని పేరు డైఅసిటైల్. చక్కెర అయిపోయాక ఈస్ట్ వెనక్కి తిరిగి తాను వదిలిన వీటినే ఏరుకొని తింటుంది. అందుకే బుడగలు ఆగిన తర్వాత కూడా వారం పాటు బీరును ఈస్ట్ మీదే వదలాలి. బయటికి ఏమీ జరగనట్టు కనిపించే ఈ వారంలోనే బీరు తాగేలా తయారవుతుంది.

సందేహం తీర్చే పరికరం ఒక్కటే, హైడ్రోమీటర్. పాల కేంద్రంలో లాక్టోమీటర్ ఎలా తేలుతుందో ఇదీ అంతే. రసంలో చక్కెర ఎక్కువుంటే పైకి తేలుతుంది, తగ్గితే మునుగుతుంది. ఈస్ట్ చల్లే ముందు 1.050 చూపించిందనుకుందాం. చెరుకు రైతులకు, మిల్లు కెమిస్టులకు అలవాటైన బ్రిక్స్ లెక్కలో చెబితే పన్నెండున్నరకు కాస్త తక్కువ. పులిసిన తర్వాత 1.010 చూపిస్తే తేడా 0.040. దాన్ని 131తో గుణిస్తే ఐదుంపావు, అంటే బీరులో ఆల్కహాల్ శాతం. రెండు మూడు రోజుల తేడాతో రెండుసార్లు కొలిచినా అంకె కదలకపోతే పని పూర్తయినట్టు. బుడగలు ఏం చెప్పినా, క్యాలెండర్ ఏం చెప్పినా వినక్కర్లేదు.

ఈ కొలత లేకుండా తొందరపడితే వచ్చేది వేరే సమస్య. సీసాలో నింపేటప్పుడు గ్యాస్ పట్టడానికి లీటరుకు ఆరేడు గ్రాముల చక్కెర కలుపుతారు. సీసాలో మిగిలిన ఈస్ట్ దాన్ని తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, మూత బిగించి ఉంది కాబట్టి అది బీరులోనే కరుగుతుంది. ఇంకా పులియాల్సిన బీరును సీసాకెత్తితే ఈ లెక్క తప్పుతుంది. ఒత్తిడి పెరిగి సీసా పేలుతుంది. గాజు పెంకులు గోడకు గుచ్చుకునేంత జోరుగా పేలుతుంది. ఇంట్లో బీరు కాచే పనిలో నిజంగా భయపడాల్సింది దీనికి.

నిజంగా చెడిపోయినదాన్ని గుర్తుపట్టడం అంత కష్టమేం కాదు. పైన తెల్లటి ముడతల పొర, దాని మీద బూజు, ముక్కుకు కొట్టే సిర్కా వాసన. మరిగించడం అయిపోయాక రసాన్ని తాకే గరిటె, గొట్టం, బకెట్... దేన్నయినా సరిగ్గా శుద్ధి చేయకపోతే ఇది జరుగుతుంది. అలాంటి బీరు నోట్లో పెట్టుకోలేం, కానీ మనిషిని మంచాన పడేయడం అరుదు. పులుపు, ఆల్కహాల్, హాప్స్ చేదు కలిసిన చోట జబ్బు చేసే క్రిములు బతకడం దుర్లభం. చూపు పోతుందన్న భయం మరొకటి. ధాన్యంతో పులిసే బీరులో మిథనాల్ లెక్కలోకి రానంత తక్కువ. కల్తీసారా విషాదాల్లో ప్రాణాలు తీసేది ఎక్కువగా పరిశ్రమల నుంచి తెచ్చి కలిపే మిథనాల్.

చక్కెర ఊరివాళ్లకు వచ్చే ఒక ఆలోచన గురించి కూడా చెప్పాలి. కిక్కు పెరగాలంటే రెండు కిలోల చక్కెర కుమ్మరిస్తే పోలా? పెరుగుతుంది. చక్కెరను ఈస్ట్ పూర్తిగా తినేస్తుంది, ఏమీ మిగల్చదు. ఆల్కహాల్ హెచ్చుతుంది, బీరు నీళ్లలా పలచబడుతుంది. బెల్జియంలో మఠాల పేరు మోసే బలమైన బీర్లలోనూ చక్కెర వేస్తారు, కానీ లెక్కతో వేస్తారు. స్ట్రాంగ్ బీరుదే రాజ్యమైన తెలంగాణలో ఈ లెక్క చెబితే వినేవాళ్లు తక్కువే.

ఇందూరు ఎండ

ఏల్ రకం ఈస్ట్‌కు పద్దెనిమిది నుంచి ఇరవై రెండు డిగ్రీలు హాయి. లాగర్‌కు ఇంకా చల్లదనం కావాలి, పది పన్నెండు డిగ్రీలు. ఇందూరులో, అంటే నిజామాబాద్‌లో, మే నెల మధ్యాహ్నం నలభై అయిదు తాకుతుంది. పైగా పులియడం తనంతట తానే వేడి పుట్టిస్తుంది, బకెట్ లోపల గది కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. ఆ వేడిలో ఈస్ట్ చచ్చిపోదు, రెండు రోజుల్లో పని ముగించేస్తుంది కూడా. కానీ ఘాటైన ఆల్కహాళ్లను వదులుతుంది. మర్నాడు తల బద్దలయ్యేది వాటితోనే అంటారు కాచేవాళ్లు, నోట్లో పెయింట్ థిన్నర్ లాంటి మంట మాత్రం ఖాయం. లైసెన్సున్న బ్రూవరీలు చుట్టూ చల్లటి ద్రవం తిరిగే స్టీలు ట్యాంకుల మీద అంత ఖర్చు పెట్టేది ఇందుకే.

ఆ వేడిని వరంగా మార్చుకున్న పానీయం ఇక్కడ ఎప్పటి నుంచో ఉంది.

గౌడన్న మోకు ముస్తాదు కట్టుకొని తాడెక్కి, గెల కొసను పలచగా చెక్కి లొట్టి కట్టి వస్తాడు. ఈత చెట్టుకైతే గెల కాదు, మొవ్వు కింద కాండాన్నే గీస్తారు. చలికాలం ఈతది, ఎండాకాలం తాటిది. చెట్టు నుంచి కారే నీరాలో పది పన్నెండు శాతం చక్కెర ఉంటుంది. పులుపు దాదాపు ఉండదు. లొట్టిలోకి దిగీదిగకముందే పని మొదలవుతుంది. పొట్లం ఈస్ట్ ఎవరూ వేయరు. నిన్నటి కల్లు తడి లొట్టి గోడలకు మిగిలే ఉంటుంది, గాలిలో, గెల మీద, ఈగల కాళ్ల మీద మరికొన్ని ఉంటాయి. ఈస్ట్‌తో పాటు జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కూడా ఇందులో ఆల్కహాల్ చేస్తుంది. కలబందలా కనిపించే అగేవ్ మొక్క నుంచి తీసే మెక్సికో 'కల్లు' పుల్కేలోనూ అది ఉంటుంది. ల్యూకోనోస్టాక్ ఇక్కడా హాజరు.

పొద్దున దించినది తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి కసుక్కుమంటుంది, ఒక రోజులో ఆల్కహాల్ నాలుగైదు శాతం చేరుతుంది. అంటే బీరుతో సమానం. బీరుకు రెండు వారాలు, దీనికి ఒక పగలు, ఒక రాత్రి. ఆ మర్నాటికి సిర్కా దారి పడుతుంది. కల్లుకు నిల్వ లేదు, అందుకే మండువలో చెట్టు కిందే తాగాలి. పులవకుండా ఆపాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి, లేదా దించగానే ఐస్‌లో పెట్టాలి. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద తెరిచిన నీరా కేఫ్ నడిచేది ఆ చల్లదనం మీదే.

బీరు కాచేవాడి సమస్యల్లో ఏ ఒక్కటీ గౌడన్నకు లేదు. బుడగలు వస్తున్నాయా అని చూడడు, నురగ లొట్టి మూతి దాటి కారుతూ ఉంటుంది. శుద్ధి గురించి బెంగ లేదు, లొట్టిని మరీ తోమితేనే కల్లు ఆలస్యంగా పులుస్తుంది. ఆయన బెంగ వేరే: పట్టు తప్పితే తాడు మీది నుంచి ప్రాణం పోతుంది. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాళ్లు, బెల్టుల కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది ఆ మరణాలు చూసే.

చెట్టు ఇవ్వనిది

చెట్టు రోజుకు ఇచ్చేదే ఇస్తుంది. పట్నం గిరాకీ అలా ఉండదు. నిజామాబాద్, బోధన్, కామారెడ్డి వైపు దుకాణాల్లో అమ్ముడయ్యేదంతా చెట్ల నుంచే దిగుతోందని గీత వృత్తిలో ఉన్నవాళ్లే నమ్మరు. నీళ్లు, శాకరిన్ పోసి, కిక్కు కోసం మందు కలిపితే పులియడంతో పనే లేదు, సమయంతోనూ పని లేదు. మొదట్లో క్లోరల్ హైడ్రేట్, జనం నోట 'సీహెచ్'. తర్వాత డైజిపామ్, ఆ తర్వాత ఆల్ప్రాజోలం. ఆల్ప్రాజోలం డాక్టర్లు ఆందోళన తగ్గడానికి రాసే మాత్ర. ఆరాటపడకుండా చేసే మందును ఆగలేనివాళ్లు కల్లులో కలిపారు.

దాని బాకీ 2015 సెప్టెంబరులో కళ్లకు కట్టింది. ఎక్సైజ్ దాడులు గట్టిపడి కల్లులో మందు ఒక్కసారిగా తగ్గేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు జనం వందల్లో వచ్చారు. చేతులు వణకడం, ఫిట్స్, పిచ్చిచూపులు, ఎవరో పిలుస్తున్నట్టు మాట్లాడటం. వాళ్లలో చాలామంది తాము తాగేది కల్లేనని నమ్మినవాళ్లు. మందు మానేస్తే ఇలా అవుతుందని మాత్రమే కాదు, అసలు మందు తాగుతున్నామనే వాళ్లకు తెలియదు. పదేళ్లకు, 2025 ఏప్రిల్‌లో, ఒకప్పటి నిజామాబాద్ జిల్లాలోనివే అయిన నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్లు తాగినవాళ్లు పదుల సంఖ్యలో ఆసుపత్రి పాలయ్యారు. అదే ఏడాది జులైలో కూకట్‌పల్లిలో ప్రాణాలే పోయాయి.

చెరుకు పండే ఊళ్లలో పులియబెట్టే మరో సరుకు గుడుంబా. నల్లబెల్లం, పటిక, నీళ్లు. పేపర్లో 'బెల్లం పానకం ధ్వంసం' అన్న వార్త కింద నేల మీద పారుతున్న నల్లటి నీళ్ల ఫొటో ఈ ప్రాంత పాఠకులకు కొత్తేం కాదు. 2015 తర్వాత ప్రభుత్వం గుడుంబాను గట్టిగానే అణిచింది. అదే ఏడాది డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ గేటూ మూతపడింది. 2002లో ప్రైవేటు చేతికి వెళ్లిన నిజాం షుగర్స్ లేఆఫ్ ప్రకటించింది. మళ్లీ తెరుస్తామన్న మాట ఎన్నికల్లో తరచుగా వినపడుతోంది, 2024లో ప్రభుత్వం దానిపై కమిటీ కూడా వేసింది. ఈలోపు చెరుకు కామారెడ్డి, మాగి వైపు ప్రైవేటు ఫ్యాక్టరీలకు పోతోంది. దూరం పెరిగింది, ఇరవై నాలుగు గంటల లెక్క మారలేదు. చాలామంది చెరుకు వదిలి వరికి మళ్లారు.

ఎర్రజొన్న సంగతి

మూడోది జొన్న. ఆర్మూరు, బాల్కొండ పల్లెల్లో యాసంగిలో ఎర్రజొన్న వేస్తారు. ఇక్కడ ఎవరూ తినరు, విత్తనం కోసం పండిస్తారు. ఆఫ్రికాలో ఎర్రజొన్న అంటే బీరు. బుర్కినా ఫాసోలో దాని పేరు డోలో. దక్షిణాఫ్రికాలో జొన్న మాల్టు, మొక్కజొన్న కలిపి కాచేది ఉమ్‌కోంబోతి. జాంబియా, జింబాబ్వేల్లో ఫ్యాక్టరీలో కాచి డబ్బాల్లో అమ్మే చిబుకు.

ఇవి బార్లీ బీరు కన్నా కల్లుకే దగ్గర చుట్టాలు. జొన్నను నానబెట్టి నాలుగైదు రోజులు మొలకెత్తించి, ఎండబెట్టి, మొలకలు రాల్చి, దంచి ఉడికిస్తారు. రాల్చడం తప్పనిసరి. లేత జొన్న మేసిన పశువుకు నాము తగిలి పడిపోవడం మన రైతులకు తెలిసిందే, ఆ విషమే మొలకల్లోనూ ఉంటుంది. ఉడికించిన గంజి ఒకటి రెండు రోజులు పులుస్తుంది, అంతే. వడపోత అంతంతమాత్రం, చిక్కగా, పుల్లగా, ఇంకా పులుస్తూ ఉండగానే తాగుతారు. చిబుకు డబ్బా కొన్న తర్వాత కూడా లోపల పని ఆగదు, అందుకే గ్యాస్ పోయే వీలుతో డబ్బా తయారుచేస్తారు. ఇవాళ కొన్నది తియ్యగా, నాలుగో రోజుది పుల్లగా, ఘాటుగా ఉంటుంది. ఎవరికి ఏ రోజుది ఇష్టమో వాళ్లు ఆ రోజుది అడిగి తీసుకుంటారు. హైడ్రోమీటర్ పట్టుకొని ఎదురుచూసే వాళ్లకు వింతగా ఉంటుందేమో గానీ, పొద్దుటి కల్లుకూ సాయంత్రం కల్లుకూ తేడా తెలిసిన ఇందూరు మనిషికి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆర్మూరు ఎర్రజొన్న మాత్రం విత్తన వ్యాపారుల గోదాముల్లో శుభ్రమై, ఉత్తరాదిలో పశుగ్రాసం వేసే రైతుల కోసం లారీలెక్కుతోంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిస్తే అందులో 178 మంది రైతులే. వాళ్లు అడిగింది పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర.